ఆకు వెనక చుక్కలు

"అమ్మా, నా చేతికి గుడ్డ ఎప్పుడిస్తారు?"

ఈ ఒక్క మాట అడగడానికి శ్రీగిరికి మూడేళ్ళు పట్టింది.

రాజమండ్రిలో గోదావరి గట్టుకు రెండు వీధుల ఇవతల పేరిందేవి గారి ఇల్లు. ముందుగది నిండా తాటాకుల కట్టలు. పల్లెల్లో అటకల మీదా, పెట్టెల అడుగునా పడివున్న పాత తాళపత్రాలను జనం తెచ్చి ఆవిడకు అప్పగించేవారు. ఆవిడ వాటి దుమ్ము తుడిచి, నిమ్మగడ్డి నూనె రాసి, అక్షరాల గాట్లలోకి మసి పట్టించి, చదువుకోవడానికి వీలుగా చేసి తిరిగి ఇచ్చేవారు. తండ్రి దగ్గర నేర్చుకున్న విద్య అది. ఆ గదిలో చిలక్కొయ్యకు ఒక మెత్తటి నేతగుడ్డ వేలాడుతూ ఉండేది. ఆకును తుడిచేది దానితోనే. గురువు తనంతట తాను చేతికిస్తే తప్ప శిష్యుడు దాన్ని ముట్టుకోకూడదని ఆ ఇంటి ఆచారం. గుడ్డ అందుకున్న నాటినుంచే కట్ట విప్పే అధికారం. అంతవరకూ దారాలు పేనడం, చీటీలు అంటించడం, గది మూలనున్న కుండలో నీళ్ళు నింపడం, ఇవే పనులు.

శ్రీగిరి తెలుగులో ఎమ్మే చదివి, కాలేజీలో పాఠాలు చెప్పే పని మానుకుని వచ్చినవాడు. ముప్పై ఆరేళ్ళ మనిషి. "మూడేళ్ళ నుంచీ మా ఆయన కుండలో నీళ్ళు పొయ్యడం నేర్చుకుంటున్నారు, ఇంకా పాసవలేదు" అని భార్య ఇందుమతి చుట్టాల ముందు నవ్వేది. ఆ నవ్వు గుచ్చుకునేది. అంతకన్నా గుచ్చుకునే సంగతి ఇంకొకటుంది. పేరిందేవి గారికి డెబ్భై ఆరేళ్ళు. ఒక కన్ను ఎప్పుడో పోయింది, రెండోది రోజురోజుకీ మసకబారుతోంది. ఆవిడ తర్వాత ఆ పని తెలిసినవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. గుడ్డ తన చేతికి రాకముందే ఆ చూపు కాస్తా పోతే, గదిలోని నలభై చిల్లర కట్టలు ఇక ఎవరూ విప్పని కట్టలుగానే ఉండిపోతాయి.

ఆ వారమే కోనసీమ నుంచి కనకరత్నం గారని ఒక పెద్దావిడ ఒక కట్ట తెచ్చి ఇచ్చింది. "మా నాయనమ్మకి ఇదంటే ప్రాణం అండి. ఆవిడకి అక్షరం ముక్క రాదు. ఎవరిచేతో చదివించుకుని, బొంత కుట్టుకుంటా వినేదంట" అని చెప్పి కళ్ళొత్తుకుంది. పేరిందేవి గారు కట్ట విప్పి పైపైన చూసి మళ్ళీ కట్టేశారు. ఆ కాస్తలోనే శ్రీగిరి ఆకుల అంచున గోధుమరంగు చుక్కలు పసిగట్టి, పుస్తకంలో ఇలా రాసుకున్నాడు: "అంచుల వెంట పురుగు మచ్చలు. తుడిచి, చిల్లులు పూడ్చాలి." రాసింది చదివి వినిపించి, ఆ ఊపులోనే గుడ్డ సంగతి అడిగేశాడు.

ప్రశ్నకు జవాబు చెప్పే అలవాటు పేరిందేవి గారికి లేదు. ఏదో ఒక పని చెప్పి పంపేస్తారు. ఆ రోజూ అంతే. "రేపు కడియం వెళ్ళి ఒక ఫెర్న్ మొక్క తెచ్చుకో నాయనా. గదిలో పెరిగేది. ఏడాది బతికించు, అప్పుడు మాట్లాడుకుందాం" అన్నారు. తతిమ్మా గురువులు శాస్త్రాలు చెబుతారు, మా గురువుగారు నర్సరీకి తోలతారు అని శ్రీగిరి మనసులో విసుక్కున్నాడు. తర్వాత ఈ కథంతా నాకు చెప్పినవాడు అతనే గనక, ఆ విసుగు కూడా దాచకుండా చెప్పాడు.

కడియంలో మొక్కల మధ్య తిరిగి తిరిగి, సన్నటి నల్లకాడలకు చిన్న చిన్న ఆకులు వేలాడుతున్న ఒక నాజూకు ఫెర్న్‌ను ఎంచుకున్నాడు. చూస్తే కళ్ళు తిప్పుకోలేం. నర్సరీలో నీళ్ళు కొడుతున్న సత్తెమ్మ పైపు పక్కన పడేసి వచ్చింది.

"మొదటిసారా అండి, ఫెర్న్ పెంచడం?"

"ఎలా తెలిసింది?"

"కొత్తగా వచ్చినోళ్ళందరూ దాని మీదే పడతారండి. అది కాస్త వేడిగాలి తగిలితే చాలు, అలిగి ఎండిపోద్ది. ఇదిగో, ఇది పట్టుకెళ్ళండి" అని ఒక సాదా మొక్క ముందుకు జరిపింది. పొడుగాటి రెమ్మలు, వాటికి రెండు వైపులా దువ్వెన పళ్ళలా ఆకులు. అందం సంగతి ఎలా ఉన్నా, మంచి మనసున్న మొక్కలా ఉంది. "పైన ఆకులు కాదండి సూసేది. నడిమధ్య సుట్టసుట్టుకున్న లేత రెమ్మలు ఉన్నాయో లేదో సూడండి. అయి ఉంటే బతికేదన్నమాట. ఎండ తగలనీకండి, ఎలుతురు మాత్రం ఉండాలి. మట్టిలో ఏలు పెట్టి సూసి, పైన ఆరితేనే నీళ్ళు పొయ్యండి. కుండీ కింద నీళ్ళు నిలవనీకండి."

శ్రీగిరి అన్నీ పుస్తకంలో రాసుకున్నాడు. ఆవిడ అతని వంక జాలిగా చూసి, "రాసుకోవడం కాదండి, ఏలు పెట్టి సూడండి" అంది మళ్ళీ.

మొక్కను కిటికీకి రెండు మూరల దూరాన, ఎండ పడని చోట పెట్టాడు. గురువుగారు దాని రెమ్మలను వేళ్ళతో తడిమి చూసి, "మా నాన్నగారి రోజుల్లో ఇక్కడ ఒకటి ఉండేది. గదిలో గాలి ఎండిపోతే తాటాకు పెళుసెక్కి విరుగుతుంది, మనకి తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. దీనికి ముందే తెలుస్తుంది. దీని కొసలు ఎలా ఉన్నాయో రోజూ నాకు చెబుతూ ఉండు" అన్నారు. అంతవరకూ అతను మొక్కంటే ఏదో శిక్ష అనుకుంటున్నాడు. అది గదికి కాపలా అని అప్పుడు తెలిసింది. వైశాఖంలో ఒకనాడు కొసలు గోధుమరంగుకు తిరిగాయి. అతను చెప్పాడు. ఆవిడ వట్టివేళ్ళ తడికలు తడిపించి, మూల కుండను మొక్క పక్కకు జరిపించారు. మూడో రోజుకి కొత్త రెమ్మల కొసలు పచ్చగా విచ్చుకున్నాయి. ఆ రోజు శ్రీగిరి ఇంటికి వెళ్ళి ఇందుమతితో, "పాసయ్యాను" అన్నాడు. తొందరపడ్డాడు పాపం.

ఆషాఢంలో వానలు మొదలయ్యాయి. గదిలో చెమ్మ చాలు గనక, ప్రతి ఏడూ చేసినట్టే కుండను వెనక వసారాలోకి మార్చాడు. ఒక మధ్యాహ్నం గురువుగారు నిద్రపోతుండగా మొక్కకు నీళ్ళు పోస్తూ ఒక రెమ్మను తిప్పి చూశాడు. ఆకు వెనక గోధుమరంగు చుక్కలు. ఇంకో రెమ్మ తిప్పాడు. దాని వెనకా చుక్కలే. తాటాకుల గదిలో పనిచేసేవాడికి పురుగు అన్న మాట కన్నా భయంకరమైన మాట లేదు. నలభై కట్టలు, ఒక్కొక్కటి ఎవరో ఒకరి ఇంట్లో మిగిలిన ఒకే ఒక్క ప్రతి. ఆ భయంలో అతను చెయ్యకూడని పని చేశాడు. చిలక్కొయ్యకున్న గుడ్డ తీశాడు. ఒక్కొక్క ఆకునూ వెనక్కి తిప్పి, గురువుగారు తాటాకును తుడిచినట్టే పొందికగా, మొదలు నుంచి కొసకు తుడిచాడు. చుక్కలు మెత్తటి పొడిగా రాలాయి. ఆ గుడ్డను వసారాలోకి తీసుకెళ్ళి దులిపాడు. తర్వాత మళ్ళీ వచ్చి, తాటాకులకు పనికొచ్చింది దీనికెందుకు పనికిరాదని, ఆకాకుకీ నిమ్మగడ్డి నూనె పట్టించాడు. మూడేళ్ళుగా చూసి నేర్చుకున్నదంతా ఆ మొక్క మీద చూపించాడు. గుడ్డ మళ్ళీ కొయ్యకు తగిలించేటప్పుడు, దొంగతనం చేశానన్న బెరుకు కన్నా గదిని కాపాడానన్న గర్వమే ఎక్కువగా ఉందని అతనే నాతో అన్నాడు.

నాలుగు రోజుల్లో రెమ్మలన్నీ నల్లబడి వేలాడిపోయాయి.

ఐదోనాడు పేరిందేవి గారు పనికి కూర్చుని గుడ్డ అందుకున్నారు. వేళ్ళ మధ్య నలిపి చూశారు. వాసన చూశారు. శ్రీగిరి ఇక నిలవలేక అంతా చెప్పేశాడు. తిడతారనుకున్నాడు. కళాశాలలో పాఠాలు చెప్పిన మనిషి, తలొంచుకుని చిన్నపిల్లాడిలా నిలబడ్డాడు.

"ఆ చుక్కలు చెదురుగా ఉన్నాయా, వరసగా ఉన్నాయా?" అని అడిగారు ఆవిడ.

"వరసగానే అమ్మా. రెండు అంచుల వెంటా, కొలిచి పెట్టినట్టు."

"పురుగు కొలిచి పెడుతుందా, నాయనా?"

అతను కుండీలో నల్లబడి వేలాడుతున్న రెమ్మల వంక చూశాడు.

"గుడ్డ ఎక్కడ దులిపావు?"

"వెనక వసారాలో అండి. కొంత ఆ కుండ మీద పడింది."

ఆవిడ గుడ్డ పక్కన పెట్టి, "అయితే ఆ కుండను తోమకు. వానాకాలమని వదిలెయ్యకుండా రోజూ నింపు. ఈ మొక్కకి నల్లబడ్డవన్నీ కత్తిరించి, మామూలుగా నీళ్ళు పోస్తూ ఉండు" అని పనిలో పడ్డారు. అంతే. ఏమిటా చుక్కలు అన్నది ఆవిడ చెప్పలేదు, అతనికి అడిగే మొహం లేదు. గుడ్డ ఆశ వదిలేసుకున్నాడు. ఎవరూ తాగని కుండలో రోజూ నీళ్ళు పోయించడం తనకు వేసిన శిక్ష అనుకుని, నోరెత్తకుండా పోశాడు.

శ్రావణంలో కుండీ నడిమధ్యన ఒక రెమ్మ లేచింది. పసిబిడ్డ పిడికిలిలా ముడుచుకుని, ఒళ్ళంతా నూగుతో, రోజుకో వేలు తెరిచినట్టు విచ్చుకుంది. దాని వెనక ఇంకొకటి. ఒక్క ఆకు కూడా మిగలకుండా చేసినా, మొక్క తన మీద పగ పెట్టుకోలేదు. ఆ సంగతికే అతనికి కళ్ళు చెమ్మగిల్లాయి. ఈసారి వాటిని తిప్పి చూశాడు గానీ ముట్టుకోలేదు.

వసారాలో కుండకు పచ్చటి నాచులాంటిది పట్టింది. చెమర్చే మట్టికుండకు అది మామూలేనని అతను పట్టించుకోలేదు. కార్తీకం వెళ్ళి మార్గశిరం వచ్చింది. ఒక ఉదయం నీళ్ళు పోస్తుంటే ఎండ ఏటవాలుగా వచ్చి కుండ మీద పడింది. ఆ నాచు నాచులా లేదు. పొలుసులు పొలుసులుగా ఉంది. లోపలికి వెళ్ళి, తాటాకులు చూసే భూతద్దం తెచ్చి నేలమీద చతికిలబడ్డాడు.

ఒక్కో పొలుసూ ఒక బుల్లి ఆకు. మినపగింజంత కూడా లేదు, తమలపాకును గోటిమీద పట్టేంత చేసినట్టు ఉంది. కొన్నిటి నడుమనుంచి దారప్పోగు లాంటి కాడ లేచింది. ఆ కాడ చివర, కంటికి ఆనీ ఆననంత చిన్నగా, చుట్ట చుట్టుకున్న రెమ్మ. కొన్ని అప్పుడే విచ్చుకుని, రెండు వైపులా దువ్వెన పళ్ళు పెట్టడం మొదలుపెట్టాయి. అదే మొక్క. వందల మొక్కలు. అతను ఏ పొడినైతే రోగమని తుడిచి దులిపాడో, ఆ పొడి పడ్డచోటల్లా కుండ పచ్చబడింది, పడని వైపు మట్టి మట్టిగానే ఉంది. పూత లేదు, కాయ లేదు, గింజ లేదు. ఆకు తన వెనకవైపున, ఎవరూ చూడని చోట, ఇంత అడవిని చుక్కలు చుక్కలుగా పేర్చుకుని కూర్చుంది. దాన్ని తను మురికి అనుకున్నాడు. దణ్ణం పెట్టాలని చేతులు లేచాయట, ఎవరికి పెట్టాలో తెలియక అలాగే కూర్చుండిపోయాడట.

"అమ్మా, ఒకసారి రండి" అని పిలిచాడు.

పేరిందేవి గారు గోడ పట్టుకుని వచ్చి కూర్చున్నారు. ఆ చూపుకు అవి ఆనవు. అతను ఆవిడ చూపుడువేలు పట్టుకుని కుండకు ఆనించాడు. అరవై ఏళ్ళుగా తాటాకు మీద గాట్లు తడిమిన వేలు అది. ఆ చల్లటి తడి మీద, ఒక్కో రెమ్మ దగ్గరా ఆగుతూ, అక్షరాలు కూడబలుక్కున్నట్టు పాకింది. ఆవిడ మొహం విప్పారింది.

"ఎన్ని ఉన్నాయి?"

"లెక్కకు అందడం లేదమ్మా."

ఆవిడ వేలు తీయలేదు. తర్వాత శ్రీగిరి మెల్లగా అడిగాడు. "అమ్మా, కోనసీమ కట్ట ఒక్కసారి విప్పుతారా? నేను ముట్టుకోను. చూస్తాను."

మూడేళ్ళ తొమ్మిది నెలల్లో తుడుస్తానని తప్ప చూస్తానని అతను అడగడం అదే మొదలు. ఆవిడ లోపలికి వచ్చి కట్ట విప్పారు.

మసి పోయి అక్షరాలు కంటికి ఆనడం లేదు. ఆవిడ వేలితో గాట్లు తడుముతూ పైకి చదివారు. అతను పక్కన కూర్చుని భూతద్దంతో అంచులు చూశాడు. అది ఒక తల్లి పాట. తీర్థంలో తప్పిపోయిన కొడుకు కోసం ఆ తల్లి పన్నెండేళ్ళు ఊరూరూ తిరుగుతుంది. అంచున ఉన్న చుక్కలు పురుగు తొలిచినవి కావు. సన్నటి సూదితో పొడిచినవి. ఒక్కో చిల్లుకూ చుట్టూ, పాతబడి గోధుమరంగుకు తిరిగిన కుంకుమ. చుక్క పక్కన చుక్క, వరసగా, కొలిచి పెట్టినట్టు. బొంత కుట్టుకుంటూ వినేదని కనకరత్నం గారు అన్న మాట అప్పుడు అతని చెవిలో మళ్ళీ పడింది. ఒక్కో ఆకు విన్న ప్రతిసారీ ఆ నాయనమ్మ చేతిలోని సూదితో ఆ ఆకు మీద ఒక చుక్క పెట్టుకుంది. అక్షరం రాని మనిషి జన్మంతా రాసుకున్నది అదే. తుడిచి, చిల్లులు పూడ్చాలని తను పుస్తకంలో రాసిపెట్టాడు.

పిల్లవాడు తప్పిపోయే ఆకు వచ్చింది. "దీనికి చుక్కలు ఎన్ని?" అని అడిగారు గురువుగారు.

"నాలుగే అమ్మా."

ఆకులు ఒక్కొక్కటే తిరిగాయి. తల్లి ఊళ్ళు తిరిగే ఆకులకు పదీ, పన్నెండూ. చివరికి ఆ తల్లి ఒక రేవులో నీళ్ళు ముంచుతున్న పరాయి కుర్రవాణ్ణి చూసి, మెడ మీది మచ్చను బట్టి, నా తండ్రీ అని పిలిచే ఆకు వచ్చింది. ఆవిడ చదవడం ఆపి, అతని లెక్క కోసం చూశారు. ఆ ఆకుకు చుక్కలు ఒక అంచు నిండి, రెండో అంచు నిండి, వెనక వైపుకు కూడా తిరిగాయి. చదవమని ఎన్నిసార్లు ఎవరెవరిని బతిమాలుకుందో ఆ మనిషి. శ్రీగిరి నూట నలభై దాకా లెక్కపెట్టాడు. ఆ తర్వాత భూతద్దంలో ఏమీ కనబడలేదు. కళ్ళు నిండిపోయాయి.

"తప్పిపోయాను అమ్మా" అన్నాడు. "లెక్క."

పేరిందేవి గారు లేచారు. తడుముకుంటూ గోడ దగ్గరకు వెళ్ళి, చిలక్కొయ్య మీది గుడ్డ తీసి, మడత విప్పి, తెచ్చి అతని చేతిలో పెట్టారు. ఏడాది ఇంకా నిండలేదు. అతను ఆ మాట చెప్పబోయి ఊరుకున్నాడు. కట్టలో మొదటి ఆకు తీసి ముందు పెట్టుకున్నాడు. దాని నిండా ఏళ్ళ దుమ్ము. మూడేళ్ళుగా ఏ క్షణం కోసం ఎదురుచూశాడో ఆ క్షణం వచ్చింది. గుడ్డ పట్టుకున్న చెయ్యి ఆకుకు అంగుళం పైదాకా వెళ్ళి, అక్కడే ఆగింది. కిందికి దిగలేదు.

గుడ్డ ఆకు మీద కదిలే చప్పుడు కోసం ఆవిడ చెవి ఒగ్గి కూర్చున్నారు. ఎంతసేపటికీ వినపడలేదు. కిటికీ పక్కన ఫెర్న్ మొక్క కొత్త రెమ్మలు గాలికి మెల్లగా ఊగాయి.

"చెయ్యి ఆడడం లేదమ్మా" అన్నాడు శ్రీగిరి. "ఏది దుమ్మో, ఏది కాదో..."

"ఆ," అన్నారు పేరిందేవి గారు, "ఇహ తుడువు నాయనా."